తప్పును గుండ్రంగా తిప్పే పంజరం: టూర్‌బియాన్ వాచీ మీద ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, ఇంకాస్త గట్టిగా మాట్లాడతాను.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేద్దాం. మీ చేతికున్న వాచీ తీసి చెవికి ఆనించుకోండి. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడొద్దు. ఏం వినిపించింది? చాలామందికి సెకనుకి ఒక్కసారి టక్, టక్ అని వినిపించి ఉంటుంది. అది సెల్ వేసే వాచీ, క్వార్ట్జ్. ఎవరికైనా ఆగకుండా టికటికటిక అని వినిపించిందా? ఆ మూలన చెయ్యెత్తారు. ఇటు ఇంకొకరు. మీది కీ ఇచ్చే వాచీ అయినా అయ్యుండాలి, చెయ్యి కదిలితే తనంతట తనే కీ ఎక్కించుకునే ఆటోమేటిక్ అయినా అయ్యుండాలి. అందులో సెకనుకి 5 దెబ్బలు, లేదా 6, లేదా 8. ఈ సాయంత్రం మనం మాట్లాడుకునేది ఆ దెబ్బల గురించే. అవి ఎందుకు ఒకసారి తొందరపడతాయి, ఇంకోసారి వెనకబడతాయి? దాన్ని పట్టుకోవడానికి ఒక మనిషి ఏం చేశాడు? ఆయన చేసిన ఉపాయాన్నే టూర్‌బియాన్ అంటారు. ఫ్రెంచి మాట. మన భాషలో సుడి అనొచ్చు, సుడిగాలి అనొచ్చు.

నేను ముప్పై ఏళ్ళుగా వాచీలు విప్పి బిగించే పని చేస్తున్నాను. టూర్‌బియాన్ గురించి అడిగేవాళ్ళు నా దగ్గరికి రెండు రకాలుగా వస్తారు. మొదటి రకం, "ఇంత ఖరీదు కదా, టైము చాలా కరెక్టుగా చూపిస్తుందా?" అంటారు. రెండో రకం, "అదంతా ఆడంబరం, దానివల్ల పైసా ఉపయోగం లేదటగా?" అంటారు. ఇద్దరికీ ఒకటే జవాబు చెప్తాను. ముందు అది ఏం చేస్తుందో చూడండి. చూశాక మాట్లాడుకుందాం.

సరే, చూద్దాం. రోజుకి ఎన్ని సెకన్లు? 86,400. ఒక వాచీ రోజుకి 5 సెకన్లు తేడా చూపించిందనుకోండి. లెక్క వేస్తే అది 99.99 శాతానికి పైగా సరిగ్గా నడిచినట్టు. నూటికి 99.99 మార్కులు! ఇంకే పనిలోనైనా అంతకన్నా ఏం అడుగుతాం? కానీ గడియారం సంగతి వేరు. దాని తప్పు రోజురోజుకీ పోగవుతుంది. రోజుకి 5 సెకన్లంటే నెలకి రెండున్నర నిమిషాలు. ఓడలో ప్రయాణించేవాడికైతే ఆ తేడా ప్రాణం మీదికి తెస్తుంది. సముద్రం మధ్యలో మనం ఎంత తూర్పున ఉన్నామో, ఎంత పడమర ఉన్నామో తెలియాలంటే సరైన టైము కావాలి. భూమధ్యరేఖ దగ్గర 4 సెకన్ల తప్పంటే ఓడ ఉన్నచోటు ఒక నాటికల్ మైలు, అంటే 1.85 కిలోమీటర్లు, తప్పిపోయినట్టు. చీకట్లో రాళ్ళు తప్పించుకోవాల్సిన వాడికి 1.85 కిలోమీటర్లు చిన్న మాటా?

ఇక ఆ తప్పు ఎక్కడి నుంచి వస్తుంది? మీ అందరికీ సైకిల్ తెలుసు. సైకిల్ని తిరగేసి పెట్టి ముందు చక్రాన్ని గట్టిగా తిప్పండి. తిరిగి తిరిగి నెమ్మదిస్తుంది. ఆగిందా? లేదు, ఒకసారి వెనక్కి ఊగుతుంది, ముందుకి ఊగుతుంది, అప్పుడు ఆగుతుంది. ఎప్పుడు తిప్పినా దాదాపు అదే చోట ఆగుతుంది, గాలి కొట్టే వాల్వు కిందికి వచ్చేలా. ఎందుకని? ఆ వైపు కాస్త బరువు ఎక్కువ. బరువున్న వైపు కిందికి జారుతుంది. భూమి లాగుతోంది కాబట్టి.

వాచీలో కూడా అలాంటి చక్రమే ఉంటుంది. బ్యాలెన్స్ వీల్ అంటారు. అది పూర్తిగా తిరగదు, అటు ఇటు ఊగుతుంది. దానికి తలవెంట్రుక లాంటి స్ప్రింగు ఒకటి కట్టి ఉంటుంది. దాని పేరే హెయిర్‌స్ప్రింగ్. చక్రం ఒక వైపు వెళ్తే స్ప్రింగు వెనక్కి లాగుతుంది, వెనక్కి వస్తే మళ్ళీ అటు తోస్తుంది. ఆ ఊపే వాచీకి గుండె. ఇప్పుడు చెప్పండి, ఆ చక్రానికి ఒక వైపు ఆవగింజలో వెయ్యో వంతు బరువు ఎక్కువుంటే ఏమవుతుంది? స్ప్రింగు లాగుతున్నప్పుడు భూమి కూడా చెయ్యి కలుపుతుంది. ఒకసారి స్ప్రింగుకి సాయం చేస్తుంది, ఒకసారి అడ్డం పడుతుంది. సాయం చేస్తే వాచీ ముందుకి పోతుంది, అడ్డం పడితే వెనకబడుతుంది.

మరి ఆ బరువు తీసెయ్యొచ్చు కదా అంటారా? తీస్తాం. రోజూ చేసే పనే అది. రెండు సన్నటి అంచులు పక్కపక్కన ఉండే చిన్న పరికరం ఉంటుంది. ఆ అంచుల మీద బ్యాలెన్స్ ఇరుసు రెండు కొసల్ని ఆనించి వదులుతాం. ఊపిరి కూడా తగలకూడదు. చక్రం మెల్లగా దొర్లి బరువున్న వైపు కిందికి తెస్తుంది. అక్కడ రవ్వంత లోహం తీస్తాం. మళ్ళీ వదులుతాం. మళ్ళీ ఇంకో చోట ఆగుతుంది. మళ్ళీ తీస్తాం. ఎక్కడ వదిలితే అక్కడే నిలబడేదాకా అదే పని. చివరికి నిలబడుతుంది. నిలబడిందంటే బరువు పూర్తిగా సమానమైపోయిందనా? కాదు. మిగిలిన తేడాని పట్టుకునే శక్తి ఆ పరికరానికి లేదు, అంతే. పైగా హెయిర్‌స్ప్రింగ్‌కి కూడా బరువుంది. అది ముడుచుకుంటున్నప్పుడు, విచ్చుకుంటున్నప్పుడు దాని బరువు నిలిచే చోటు కదులుతూ ఉంటుంది. దాన్ని ఏ అంచు మీద తూస్తాం?

అందుకే చూడండి, మంచి వాచీని పరీక్షించేటప్పుడు ఒక్క భంగిమలో పెట్టి వదిలెయ్యరు. చాలా కచ్చితంగా నడిచే గడియారాన్ని క్రోనోమీటర్ అంటారు. స్విట్జర్లాండ్‌లో ఆ సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ కోస్క్ అని ఉంది. వాళ్ళు 15 రోజులు, 5 భంగిమల్లో, 3 ఉష్ణోగ్రతల్లో పెట్టి చూస్తారు. రోజు సగటు తేడా 4 సెకన్లు వెనక నుంచి 6 సెకన్లు ముందుకి మధ్యలో ఉండాలి. అయిదు భంగిమలు ఎందుకు? పడుకోబెడితే ఒక లెక్క, నిలబెడితే ఒక లెక్క, తలకిందులు చేస్తే ఇంకో లెక్క కాబట్టి.

ఇక్కడికి వచ్చాం కదా, ఇప్పుడు టూర్‌బియాన్ కనిపెట్టిన అబ్రహాం-లూయీ బ్రెగే గురించి చెప్పాలి. 1747లో స్విట్జర్లాండ్‌లోని నూషటెల్‌లో పుట్టాడు. పారిస్‌లో స్థిరపడ్డాడు. ఫ్రెంచి విప్లవం రోజుల్లో, 1793లో, పారిస్ విడిచి వెళ్ళిపోవాల్సి వచ్చింది. రెండేళ్ళు స్విట్జర్లాండ్‌లోనే ఉండి 1795లో తిరిగొచ్చాడు. కార్ఖానా మళ్ళీ మొదటి నుంచి నిలబెట్టుకున్నాడు. 1801 జూన్ 26న టూర్‌బియాన్‌కి పేటెంటు తీసుకున్నాడు, పదేళ్ళకి. ఆ కాగితం మీద తేదీ ఎలా ఉంటుందో తెలుసా? విప్లవ కేలెండర్ ప్రకారం తొమ్మిదో సంవత్సరం, మెసిదోర్ 7. కేలెండరే మార్చేసిన దేశంలో కూర్చుని ఆయన సెకన్ల గురించి ఆలోచించాడు. నాకు ఆ కాగితం సంగతి తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది.

ఆ రోజుల్లో వాచీ చేతికి కట్టుకునేది కాదు. జేబులో ఉండేది. పగలంతా కోటు జేబులో నిలువుగా. రాత్రి స్టాండుకి తగిలిస్తే మళ్ళీ నిలువుగానే. అంటే రోజంతా ఒకే భంగిమ. భూమి ఒకే వైపు నుంచి, ఒకే తీరున లాగుతూ ఉంటుంది. తప్పు ఒకే దిక్కుకి పోగవుతూ పోతుంది. ఓడల్లోని పెద్ద క్రోనోమీటర్లకి ఈ బాధ లేదు. వాటిని పెట్టెలో, ఓడ ఎంత ఊగినా బల్లపరుపుగా ఉండేలా వలయాల్లో వేలాడదీసేవాళ్ళు. జేబు వాచీకి ఆ సుఖం ఎక్కడిది?

ఇప్పుడు బ్రెగే వేసుకున్న ప్రశ్న వినండి. బరువు తేడాని పూర్తిగా తీసెయ్యలేం. భూమి లాగడాన్ని ఆపలేం. వాచీని జేబులో నిలబడకుండా చెయ్యలేం. మరి ఏం చెయ్యగలం? వాచీ నిలబడే ఉండనీ. లోపలున్న గుండెని తిప్పుదాం! బ్యాలెన్స్, హెయిర్‌స్ప్రింగ్, దానికి దెబ్బ ఇచ్చే ఎస్కేప్‌మెంట్ మొత్తాన్ని ఒక చిన్న పంజరంలో పెట్టి, ఆ పంజరాన్నే నిమిషానికి ఒక చుట్టు తిప్పుదాం. బరువున్న వైపు ఒకప్పుడు కింద ఉంటుంది, పావు నిమిషం తర్వాత పక్కకి వస్తుంది, అర నిమిషానికి పైకి వెళ్తుంది. కింద ఉన్నప్పుడు వాచీ ముందుకి పోయిందా? పైకి వెళ్ళినప్పుడు అంతే వెనకబడుతుంది. నిమిషం పూర్తయ్యేసరికి ముందుకి పోయింది, వెనకబడింది చెల్లుకి చెల్లు.

ఇది గమనించండి, టూర్‌బియాన్ తప్పుని పోగొట్టదు. మళ్ళీ చెప్తున్నాను, పోగొట్టదు. తప్పు అక్కడే ఉంది. దాన్ని గుండ్రంగా తిప్పి, అన్ని దిక్కులకీ సమానంగా పంచుతుంది. ఎన్నో ఏళ్ళు ఈ పని చేశాక కూడా ఆ ఆలోచన నాకు పాతబడలేదు.

ఎలా తిరుగుతుంది? మామూలు వాచీలో మెయిన్‌స్ప్రింగు, అంటే కీ ఇస్తే చుట్టుకునే పెద్ద స్ప్రింగు, దాని బలం వరసగా చక్రాల మీదుగా వస్తుంది. అందులో నాలుగో చక్రం నిమిషానికి ఒక చుట్టు తిరుగుతుంది, సెకన్ల ముల్లుని తిప్పేది అదే. బ్రెగే ఆ నాలుగో చక్రాన్ని ప్లేటుకి, అంటే వాచీ అడుగు పలకకి, కదలకుండా బిగించేశాడు. దాని మధ్యలోంచి పంజరం ఇరుసు వస్తుంది. మూడో చక్రం ఇప్పుడు పంజరాన్ని తోస్తుంది. పంజరం తిరిగితే, అందులో ఉన్న ఎస్కేప్ వీల్, అంటే ఎస్కేప్‌మెంట్‌లోని పళ్ళ చక్రం, కూడా దానితో పాటు కదలాలి కదా? దాని ఇరుసు మీదుండే చిన్న పళ్ళ చక్రాన్ని పినియన్ అంటారు. ఆ పినియన్ పళ్ళు ఆ కదలని చక్రం పళ్ళలో పట్టుకుని ఉంటాయి. కాబట్టి దాని చుట్టూ ప్రదక్షిణ చేస్తూ తన చుట్టూ తాను తిరుగుతుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూ తన చుట్టూ తాను తిరిగినట్టు. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి తత్వవేత్త దెకార్త్ గ్రహాలని తిప్పే సుడులకి ఇదే టూర్‌బియాన్ అన్న మాట వాడాడు. ఆ పేరు ఈ యంత్రానికి ఎంత బాగా అతికిందో చూడండి.

ఇంకో చిత్రం చెప్తాను. పంజరం నునుపుగా తిరుగుతుందని అనుకుంటారు చూసేవాళ్ళు. తిరగదు. ఎస్కేప్‌మెంట్ ఒక్కో దెబ్బకి ఒక్కో పన్ను వదిలినప్పుడల్లా ఒక చిన్న గంతు వేసి ఆగుతుంది. గంటకి 21,600 దెబ్బలు కొట్టే వాచీ అయితే సెకనుకి 6 గంతులు. నిమిషానికి 360. ఒక చుట్టుకి ఎన్ని డిగ్రీలు? 360. అంటే దెబ్బకి సరిగ్గా ఒక డిగ్రీ! లెక్క అలా కుదిరింది. రోజుకి 5,18,400 సార్లు ఆ పంజరం కదలాలి, ఆగాలి. కదిపిన ప్రతిసారీ మెయిన్‌స్ప్రింగు బలంలో కొంత ఖర్చవుతుంది. అందుకే పంజరం ఎంత తేలికైతే అంత మంచిది. డెబ్బయ్యో ఎనభయ్యో భాగాలున్నా, మొత్తం కలిపి ఒక గ్రాము కూడా తూగదు చాలావాటిల్లో.

చెయ్యడం ఇంత కష్టం కాబట్టే బ్రెగే కార్ఖానాలో ఆయన బతికుండగా తయారైనవి చాలా తక్కువ, నలభై లోపే. అన్నీ నిమిషానికి ఒక చుట్టు తిరిగేవి కూడా కావు, నాలుగు నిమిషాలకి, ఆరు నిమిషాలకి ఒక చుట్టు తిరిగేవీ చేశాడు.

వాటిలో ఒకదాని గురించి చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. లండన్‌లో జాన్ ఆర్నాల్డ్ అని గొప్ప క్రోనోమీటర్ నిపుణుడు ఉండేవాడు. బ్రెగేకి ఆయనంటే ఎంతో గౌరవం. ఒకరి కొడుకుని ఒకరు శిష్యుడిగా చేర్చుకునేంత స్నేహం. ఆర్నాల్డ్ 1799లో పోయాడు. ఆ తర్వాత బ్రెగే, ఆర్నాల్డ్ చేసిన తొలి వాచీల్లో ఒకదాన్ని తీసుకుని, అందులో తన తొలి టూర్‌బియాన్‌ని అమర్చాడు. దాని మీద, ఆర్నాల్డ్ పుణ్యస్మృతికి బ్రెగే నివాళి అని ఫ్రెంచిలో చెక్కి, 1808లో ఆర్నాల్డ్ కొడుక్కి ఇచ్చాడు. రెండు దేశాలూ అప్పుడు యుద్ధంలో ఉన్నాయి. ఆలోచించండి, నెపోలియన్ కాలం! ఒక ఫ్రెంచి కార్ఖానాలోంచి ఒక ఇంగ్లీషు ఇంటికి అలాంటి కానుక. తన మొదటి దాన్ని తన పేరుతో మెరిసే కొత్త వాచీలో పెట్టుకోవచ్చు. స్నేహితుడి పాత వాచీలో పెట్టాడు. ఆ వాచీ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

తర్వాతి కథ గబగబా చెప్తాను. 1892లో ఇంగ్లండులోని కొవెంట్రీలో బానె బొనిక్సెన్ అనే డేనిష్ మనిషి కారుసెల్ అని గుండెని తిప్పే ఇంకో పద్ధతి తెచ్చాడు, అది కాస్త మొరటైనది, నెమ్మదిగా తిరిగేది, చెయ్యడం సులువు. 1920లో జర్మనీలోని గ్లాష్యుటెలో ఆల్ఫ్రెడ్ హెల్విగ్ పంజరానికి పైన వంతెన, అంటే పైనుంచి పట్టుకునే పట్టీ, లేకుండా చేశాడు. కింద నుంచే పట్టు ఉంటుంది, గాల్లో తేలుతున్నట్టు కనిపిస్తుంది. దాన్ని ఫ్లయింగ్ టూర్‌బియాన్ అంటారు. 1947లో ఒమేగా చేతి వాచీకి సరిపోయే టూర్‌బియాన్‌లు పన్నెండు చేసింది, పోటీల కోసం. ఏడున్నర నిమిషాలకి ఒక చుట్టు. 1986లో ఓడెమార్ పిగె కంపెనీ పలచటి ఆటోమేటిక్ చేతి వాచీలో టూర్‌బియాన్ పెట్టి వరసగా తయారు చెయ్యడం మొదలుపెట్టింది. పంజరం టైటానియంతో చేశారు.

ఆ 1986 అన్న సంవత్సరం దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. 1969 డిసెంబరు 25నే సైకో కంపెనీ క్వార్ట్జ్ చేతి వాచీ అమ్మకానికి పెట్టింది. క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తుంది? ఇప్పుడు వచ్చేవాటిలో మామూలుగా 32,768 సార్లు. టైము కరెక్టుగా చూపడంలో స్ప్రింగు వాచీలు ఓడిపోయాయి. అది తేలిపోయాకే, పదిహేడేళ్ళ తర్వాత, టూర్‌బియాన్ జనం చేతికి ఎక్కింది. మరి ఎందుకు ఎక్కింది?

ఇప్పుడు మొదట వేసుకున్న ప్రశ్నకి వద్దాం. చేతి వాచీకి టూర్‌బియాన్ అవసరమా? నిజం చెప్పాలంటే, లేదు. మీ చెయ్యి చూడండి. ఇందాకటి నుంచి ఎన్నిసార్లు తిప్పారు? గడ్డం కింద పెట్టారు, ఒళ్ళో పెట్టారు, చెయ్యెత్తారు. మీ చెయ్యే ఒక టూర్‌బియాన్! బరువున్న వైపు ఒకే చోట నిలబడే అవకాశమే లేదు. ఇంకో సంగతి, వాచీని బల్ల మీద వెల్లకిలా పెట్టేస్తే పంజరం తిరిగినా తిరగకపోయినా ఒకటే. అది నిలువు భంగిమలకే పనికొస్తుంది. జాగ్రత్తగా సరిచేసిన మామూలు వాచీ, అశ్రద్ధగా చేసిన టూర్‌బియాన్ కన్నా బాగా నడుస్తుంది. ఇది నా చేతులతో చూసిన విషయం. అలాగని బాగా చేస్తే ఏం సాధించలేదనకండి. 2009లో స్విట్జర్లాండ్‌లోని లె లోక్ల్‌లో జరిగిన క్రోనోమెట్రీ పోటీలో మొదటి స్థానం జేగర్ లెకూల్త్ర్ కంపెనీ టూర్‌బియాన్‌కే వచ్చింది.

కాబట్టి టైము కోసం మాత్రమే అయితే టూర్‌బియాన్ కొనకండి. నేను ఎవరికైనా అదే చెప్తాను. మరి దాని ఖరీదు దేనికి? చేతిపనికి. ఆ పని ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను, అది తెలియకుండా వాచీని చూసినా ఏమీ కనిపించదు.

పంజరం పైన ఉక్కు వంతెన ఉంటుంది. దాన్ని అద్దంలా చెయ్యాలి. తగరం పలక తీసుకుని, దాని మీద వజ్రం పొడి కలిపిన పేస్టు పలచగా రాసి, ఉక్కు ముక్కని వేలి కింద పెట్టి గుండ్రంగా, నెమ్మదిగా రుద్దుతూ పోవాలి. బరువు వెయ్యకూడదు. వదులుగా వదలకూడదు. గంటలు పడుతుంది. మధ్యలో ఒక్క ధూళి కణం పడిందా, గీత పడుతుంది. గీత పడితే మళ్ళీ మొదటికి. సరిగ్గా కుదిరితే ఏమవుతుందో తెలుసా? ఒక కోణం నుంచి తెల్లగా మెరుస్తుంది, రవ్వంత వంచితే బొగ్గులా నల్లగా అయిపోతుంది. మధ్యలో బూడిద రంగు ఉండదు. అందుకే దాన్ని బ్లాక్ పాలిష్ అంటారు. ఇక అంచులు ఏటవాలుగా చెక్కి మెరుగు పెడతారు. రెండు అంచులు లోపలి వైపుకి కలిసే మూల ఉంటుంది చూడండి, కత్తి మొనలా పదునుగా ఉండాలి అక్కడ. తిరిగే యంత్రం అంత లోపలికి వెళ్ళలేదు, మూలని గుండ్రంగా చేసేస్తుంది. చెయ్యే వెళ్ళాలి.

రెండోది బిగించడం. నేను మొదటిసారి టూర్‌బియాన్ సర్వీసు చేసినప్పుడు ఒక పొరపాటు చేశాను. బ్యాలెన్స్ ఇరుసు కొస తలవెంట్రుక అంత మందం ఉంటుంది. అది తిరగడానికి పెట్టిన చిన్న రాయిలోని రంధ్రంలోకి దిగిందో లేదో చూసుకోకుండా వంతెన స్క్రూ బిగించాను. చప్పుడు కూడా రాలేదు. లెన్సు పెట్టి చూస్తే కొస విరిగి ఉంది. కొత్త ఇరుసు లేతు మీద తీసి, మళ్ళీ బరువు సరిచూసి, మళ్ళీ పంజరం కట్టేసరికి రెండు నెలలు పట్టింది. అప్పటి నుంచి స్క్రూ తిప్పే ముందు బ్యాలెన్స్‌ని మెల్లగా ఊదుతాను. స్వేచ్ఛగా ఊగితేనే బిగిస్తాను. ఈ రోజుకీ అంతే.

అన్నీ బిగించాక కీ రెండు మూడు పళ్ళు తిప్పుతాం. మొదట ఏమీ కాదు. బలం ఒక్కో చక్రం దాటుకుంటూ వస్తుంది. పంజరం ఒకసారి వణుకుతుంది. తర్వాత బ్యాలెన్స్ చిన్నగా ఊగుతుంది, ఊపు పెరుగుతుంది, పంజరం ఒక్కో డిగ్రీ కదలడం మొదలుపెడుతుంది. అప్పుడు చేతులు వెనక్కి తీసుకుని, ఒక నిమిషం, పూర్తిగా ఒక చుట్టు అయ్యేదాకా ఏమీ చెయ్యకుండా చూస్తాను. ముప్పై ఏళ్ళలో ఆ నిమిషాన్ని ఒక్కసారీ వదులుకోలేదు.

మాట్లాడింది చాలు. ఇక్కడ బల్ల మీద మైక్రోస్కోపు కింద ఒక టూర్‌బియాన్ మూవ్‌మెంటు, అంటే వాచీ లోపలి యంత్రం, నడుస్తోంది. ఒక్కొక్కరే రండి, తొందర లేదు. బల్లని తగలకండి. ముందు వంతెన మీద లైటు ఎటు నుంచి పడుతుందో చూడండి, తర్వాత తల కాస్త పక్కకి జరపండి, తెలుపు నలుపయ్యే చోటు మీకే దొరుకుతుంది. తర్వాత లోపలి మూలలు చూడండి. తర్వాత పంజరం మీదున్న నీలం స్క్రూ ఒకటి ఎంచుకుని, అది మళ్ళీ మొదలైన చోటికి వచ్చేదాకా కన్ను తియ్యకండి. ఇందాక చెయ్యెత్తిన ఇద్దరూ ముందు రండి, మీ వాచీలు కూడా తీసుకురండి. దెబ్బలు విని తేడా కొలిచే టైమింగ్ మెషీన్ మీద అయిదు భంగిమల్లోనూ పెట్టి చూద్దాం.